తీగలపేటలో ఖాళీ ఇల్లు

పంటకాలువకి ఇటు తుమ్మలపేట, అటు తీగలపేట. ఇవి మనుషులు పెట్టిన పేర్లు కావు, గిజిగాళ్ళు పెట్టుకున్నవి. కాలువ నీళ్ళ మీదికి వంగిన నల్లతుమ్మలకి గిజిగాళ్ళ ఇళ్ళు వేలాడేది తుమ్మలపేట. వరిచేల మధ్య నుంచి మోటారు షెడ్డుకి పోయే కరెంటు తీగలకి వేలాడేది తీగలపేట. గట్టిగా రెక్క విసిరితే ఇక్కణ్ణుంచి అక్కడికి పోవచ్చు. అయినా ఇటువాళ్ళు అటువాళ్ళ గురించి మాట్లాడితే ఏదో వేరే దేశం సంగతి చెబుతున్నట్టు ఉండేది.

గిజిగాళ్ళలో పెళ్ళి ఎలా జరుగుతుందో తెలుసుగా? తెలియకపోతే చెబుతా వినండి. తొలకరి పడి నారుమళ్ళు పచ్చబడగానే మగాళ్ళందరూ నెత్తిన పసుపు పూసుకున్నట్టు తయారై ఇళ్ళు అల్లడం మొదలెడతారు. మొత్తం అల్లరు, సగమే. బోర్లించిన బుట్టలాగా పైకప్పు, దాని కింద అడ్డంగా కూర్చోడానికి ఒక కమ్మీ, అంతే. అక్కడ ఆపి, కింద వేలాడుతూ, రెక్కలు టపటపలాడిస్తూ వచ్చేపోయే ఆడపిల్లల్ని పిలుస్తారు. పిల్ల వస్తుంది. కమ్మీ మీద కూర్చుని ఊగి చూస్తుంది, ముక్కుతో పోచలు లాగి చూస్తుంది. నచ్చితే కాపురం, అప్పుడు మగాడు మిగతా సగం అల్లుతాడు. నచ్చకపోతే తుర్రుమంటుంది. మొహమాటాల్లేవు. మనలాగా మొగుణ్ణి చూసి ఇంటికి పోవడం కాదు, ఇల్లు చూసి మొగుణ్ణి ఒప్పుకోవడం.

నూకాలు అనే గిజిగాడి పిల్ల ఆ ఏడు ఇల్లు వెతుక్కుంటోంది. నిరుడు దానికి తొలి కాన్పు. ఈతచెట్టు మీద కాపురం పెట్టింది, గుడ్లు పెట్టింది, మేతకి పోయి వచ్చేసరికి ఇంట్లోంచి పాము తోక బయటికి వేలాడుతోంది. పాపం, అప్పట్నుంచి పొలంలో పలుపుతాడు కనబడినా దాని గుండె జారిపోయేది. "ఈ ఏడు మాత్రం తొందరపడను. రెండు పేటలూ తిరుగుతాను. అన్నీ అడుగుతాను. నా పిల్లలు కళ్ళు తెరిచి నన్ను చూడాలి, అంతే" అనుకుంది. ఇంత జాగ్రత్త మనిషికి ఏం తక్కువవుతుంది చెప్పండి! కానీ జాగ్రత్త అంతా ఒక్కవైపే పెట్టింది. అదే దాని ఖర్మ.

ముందు తుమ్మలపేటకి పోయింది. కొమ్మ మీద కాలు పెట్టిందో లేదో, నెత్తి మీదుగా నల్లటి పిట్ట ఒకటి రివ్వుమని దూసుకుపోయింది.

"ఎవరు నువ్వు? ఏ పేట? పొద్దున్నే ఇక్కడేం పని?"

అది ఏట్రింత. చీలిన తోక, ఎర్రటి కళ్ళు, పేరు దాలినాయుడు. గిజిగాళ్ళ చెట్టు మీదే పైకొమ్మన కాపురముంటాడు. పొద్దస్తమానం ఎవరో ఒకరి మీదికి పోకపోతే ఆయనకి తిన్నదరగదు. గద్ద వచ్చినా అరుస్తాడు, కుక్క వచ్చినా అరుస్తాడు, తన నీడ తనకి అడ్డొచ్చినా అరుస్తాడు.

"ఇల్లు చూడ్డానికి వచ్చానండీ" అంది నూకాలు ముడుచుకుపోయి.

"చూడ్డానికి వచ్చావా, ఎత్తుకుపోడానికి వచ్చావా? మొహం ఇటు తిప్పి మాట్లాడు!"

"ఊరుకోవయ్యా నాయుడూ, పిల్లని హడలగొట్టకు" అంటూ కింది కొమ్మ నుంచి ఒక గిజిగాడు వచ్చాడు. పైడయ్య. వయసులో కాస్త పెద్దవాడు, మాట నెమ్మది. "ఆయన నోరంతేలే. రా పిల్లా, ఇల్లు చూద్దువుగాని."

నూకాలు కమ్మీ మీద కూర్చుంది. పోచ లాగింది, రాలేదు. ఇంకోటి లాగింది, అదీ రాలేదు. ఊగింది. కప్పు కొంచెం కూడా కదల్లేదు. అల్లిక గట్టిదే. కానీ దిగబోతుంటే కాలికి తుమ్మముల్లు గీరుకుంది. చుట్టూ చూస్తే పాతిక ఇళ్ళు, ఒకదాని పక్కన ఒకటి ఇరుగ్గా. ఒకరింట్లో పిల్లలు ఏడుస్తున్నారు, ఇంకొకరింట్లో మొగుడూ పెళ్ళాలు పోచ గురించి పోట్లాడుకుంటున్నారు, పైన దాలినాయుడు ఎవర్నో తిడుతూనే ఉన్నాడు.

"ఎప్పుడూ ఇంత గోలేనా బావా?"

"ఇవాళ కొంచెం నయం" అన్నాడు పైడయ్య.

పక్కింటి గొట్టంలోంచి ఒక తల బయటికొచ్చింది. "కొత్తా చెల్లీ? నేను ఆదెమ్మని. ఈయన మొదటి పెళ్ళాన్ని. ఏమనుకోకు, మన మగాళ్ళ సంగతి తెలిసిందేగా, ఒక ఇల్లు నిలబడగానే రెండోది మొదలెడతారు. రా, లోపలికొచ్చి కూర్చో. పిల్లలున్న ఇల్లు చూస్తేగానీ పేట ఎలాంటిదో తెలీదు."

నూకాలు గొట్టం అంచున వాలి లోపలికి తొంగిచూసింది. లోపల అంతా రెట్ట. మిడతల కాళ్ళు, ఊడిన నూగు, తడిసి పుల్లబడ్డ వాసన. నోళ్ళు తెరుచుకుని మూడు నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అరుస్తున్నాయి. నూకాలుకి శుభ్రం పిచ్చి. ముక్కు పక్కకి తిప్పుకుంది.

"తర్వాత వస్తాలే అక్కా" అంది.

ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. గొంతు తగ్గించి అడిగింది. "బావా, ఇక్కడ పాములొస్తాయా?"

పైడయ్య ముక్కు కొమ్మకేసి రాసుకున్నాడు. ఆపైన, "రావని ఎలా చెప్పను పిల్లా? చెట్టన్నాక ఎక్కుతాయి. నిరుడు ఒకటి వచ్చింది. వస్తే అందరం కలిసి అరుస్తాం. నాయుడు దాని కళ్ళ మీదికే పోతాడు. ఆ అరుపులకి చేలోవాళ్ళు కర్రలు పట్టుకుని వస్తారు. నిరుడొచ్చింది సగం చెట్టు ఎక్కి దిగిపోయింది" అన్నాడు.

నూకాలుకి "వచ్చింది" అన్న మాట ఒక్కటే వినబడింది. మిగతా ఏదీ చెవికెక్కలేదు.

"ఆలోచించి చెబుతా బావా."

"ఆలోచించుకో. తొందరేం లేదు. పోచలు ఎండిపోకముందు చెబితే చాలు, పచ్చిగా ఉంటేనే మిగతా సగం అతుకుతుంది" అన్నాడు పైడయ్య.

కాలువ దాటబోతూ తూముగోడ మీద ఆగి కాలి గాయం చూసుకుంటోంది నూకాలు. పక్కనే ఒక కాకి వచ్చి వాలాడు. మీద వాలకుండా, మర్యాదగా కాస్త ఎడంగానే వాలాడు. ఆయన పేరు కాటుకయ్య. ఆ చుట్టుపక్కల ఎవరి ఇల్లు ఎక్కడుందో, ఎవరు ఎప్పుడు మేతకి పోతారో ఆయనకి తెలియని సంగతి లేదు.

"ఇల్లు చూస్తున్నావా తల్లీ? ముఖం వాడిపోయిందే! తుమ్మలపేట నుంచేనా?"

"అవును మావా."

"మంచివాళ్ళే పాపం. కాకపోతే..." అని ఆపాడు కాటుకయ్య.

ఈ 'కాకపోతే' అని ఆపేవాళ్ళున్నారే, వాళ్ళ దగ్గర కాసేపు నిలబడాలనిపిస్తుంది ఎవరికైనా. నూకాలు కూడా నిలబడింది.

"కాకపోతే ఏంటి మావా?"

"నా నోటితో ఎందుకులే, ఒకరి మీద చెప్పే అలవాటు నాకు లేదు."

"నోళ్ళు మరీ పెద్దవి మావా. ఆ నాయుడైతే కొట్టొస్తాడనుకున్నా. ఇళ్ళేమో అంత రోతగా ఉన్నాయి."

"చూశావా, నేను అనలేదు, నువ్వే అన్నావు" అని నవ్వాడు కాటుకయ్య. "సరే, రెండోపేట చూడకుండా ఎలా తేల్చుకుంటావు? తీగలపేట చూడు. నీ కళ్ళతో నువ్వే చూసుకో, నా మాట వినొద్దు. నచ్చకపోతే పైడయ్య ఎక్కడికి పోతాడు?"

"అక్కడ పాములొస్తాయా?"

"తీగ మీదికి పాము ఎలా వస్తుందమ్మా? స్తంభం నున్నగా ఉంటుంది, పట్టుకోడానికి పుల్ల ఉండదు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ తీగ మీద పాముని చూసింది లేదు. అబద్ధమైతే నా కళ్ళు పోతాయి."

అది నిజమే. ఆ కాకి చెప్పిన ప్రతి మాటా నిజమే. అబద్ధం చెప్పేవాణ్ణి ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు, నిజాలే ఏరుకుని చెప్పేవాణ్ణి ఎవరు పట్టుకుంటారు!

తీగలపేట చూడగానే నూకాలు ప్రాణం లేచొచ్చింది. ముళ్ళు లేవు, చుట్టూ ఖాళీ. వరిచేను కిందే ఉంది, మేతకి రెక్క అలవకుండా పోయిరావచ్చు. గాలి ఎంత చల్లగా వీస్తోందో! అరిచేవాళ్ళు లేరు, పోట్లాడేవాళ్ళు లేరు. తీగ పొడుగునా పాత ఇళ్ళు బారుగా వేలాడుతున్నాయి. నూకాలు ఒకదాని గొట్టంలోకి దూరి చూసింది. లోపల అద్దంలా ఉంది. రెట్ట మరక లేదు, ఈక లేదు, కంపు లేదు. రెండోదాంట్లోకి దూరింది, అదీ అంతే. మూడోదీ అంతే.

"ఎంత శుభ్రంగా ఉంచుకున్నారు మావా!"

"ఇక్కడ ఉండి వెళ్ళినవాళ్ళెవరూ ఇల్లు పాడుచెయ్యలేదమ్మా" అన్నాడు కాటుకయ్య.

"వాళ్ళంతా ఏరీ?"

"మీవాళ్ళు ఏటికో ఇల్లు మారుస్తారుగా! పాతింట్లో ఎవరుంటారు?"

అదీ నిజమే కదా మరి.

సరికొత్తగా అల్లిన ఇంటి కింద ఒక కుర్ర గిజిగాడు రెక్కలు ఆడిస్తున్నాడు. చినబాబు. అదే వాడికి మొదటి ఇల్లు. తుమ్మలపేటలో మంచి కొమ్మలన్నీ పెద్దవాళ్ళు పట్టేసుకుంటే ఇటు వచ్చాడు. పనితనం మాత్రం భలే ఉంది వాడి దగ్గర. నూకాలు కమ్మీ మీద కూర్చోగానే, "ఇటు చూడు, ఇటు చూడు" అని కప్పులో అతికించిన బంకమట్టి ముద్ద చూపించాడు. దాంట్లో ఒక మిణుగురు పురుగు.

"ఇప్పుడు తెలీదు. చీకటి పడనీ, దీపంలా వెలుగుతుంది."

"పైడయ్య బావ ఇంట్లో ఇది లేదు" అంది నూకాలు మురిసిపోయి.

"వాళ్ళకేం తెలుసు! పాతకాలం వాళ్ళు" అన్నాడు చినబాబు.

నూకాలు పొద్దువాలే దాకా ఆ కమ్మీ మీదే ఊగుతూ కూర్చుంది. రెండు పేటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. అక్కడ ముళ్ళు, ఇక్కడ గాలి. అక్కడ గోల, ఇక్కడ నెమ్మది. అక్కడ రోత, ఇక్కడ శుభ్రం. అక్కడ పాము వచ్చింది, ఇక్కడ రాదు. ఇంకా ఆలోచించడానికి ఏముంది? మిణుగురు వెలగగానే సరేనంది.

"మావా, ఇంత మేలు చేశావు. నీకేం ఇవ్వాలో చెప్పు" అంది కాకితో.

"ఛ ఛ, నాకెందుకు తల్లీ! నువ్వు పిల్లాపాపలతో చల్లగా ఉంటే నాకదే పదివేలు" అన్నాడు కాటుకయ్య.

పైడయ్యకి మాట చెప్పి రావాలనుకుంది గానీ, ఆ దాలినాయుడు మళ్ళీ మీద పడతాడని పోలేదు. పాపం, ఆ సాయంత్రం నుంచి రోజూ పైడయ్య కాలువ నీళ్ళలో ఒళ్ళు తడుపుకుని వచ్చి ఇంటికి రాసి, పోచలు ఎండకుండా చూస్తూ కూర్చున్నాడట. ఆదెమ్మ చూసి, "అది రాదయ్యా, ఊరికే తడిసిపోకు" అందట. అయినా వినలేదట.

చినబాబు మిగతా సగం అల్లాడు. పొడుగాటి గొట్టం దింపాడు. నూకాలు లోపల మెత్తటి నూగు పరిచింది. ఆపైన మూడు తెల్లటి గుడ్లు పెట్టింది. వాటి మీద కూర్చుంటే, గాలికి ఇల్లు ఊగుతుంటే, దానికి కడుపు నిండిపోయినట్టుండేది. ఎవరి మాటా వినపడదు, ఎవరి తగువూ పట్టదు. ఒక ఇల్లు అయిపోయింది కదాని చినబాబు తీగ ఆ చివర రెండోది మొదలెట్టాడు. నూకాలు అది కూడా పట్టించుకోలేదు.

కాటుకయ్య మాత్రం రోజూ వచ్చి పలకరించి పోయేవాడు.

"ఎలా ఉన్నావు తల్లీ? ఎంతమంది?"

"ముగ్గురు మావా!" అని గొప్పగా చెప్పింది నూకాలు.

"దిష్టి తగలకుండా ఉండాలి. మరి మేతకి ఎప్పుడు పోతున్నావు? కడుపు మాడ్చుకుంటున్నావేమో!"

"మిట్టమధ్యాహ్నం పోతా మావా. ఎండకి గుడ్లు చల్లబడవు కదా."

"తెలివైనదానివి" అన్నాడు కాటుకయ్య.

నాకు ఇక్కడికొచ్చేసరికి నోరు ఆడదండీ. అడిగినవాడు కాకి! చెబుతున్నది గుడ్ల సంగతి! కానీ మనకి ఇల్లు చూపించినవాణ్ణి మనమూ ఇంటివాడిలాగే చూస్తాం. నూకాలూ అలాగే చూసింది.

ఒక మధ్యాహ్నం గింజలు మేసి తిరిగొస్తున్న నూకాలుకి దూరం నుంచే ఏదో తేడాగా కనబడింది. ఇల్లు కిందకి వేలాడటం లేదు. తీగ మీద అడ్డంగా పడుకోబెట్టినట్టుంది. కాటుకయ్య తీగ మీద నింపాదిగా కూర్చుని, ఇంటి మెడ పట్టుకుని పైకి లాక్కుని, ఒక కాలితో అదిమిపట్టి, గొట్టంలోకి ముక్కు పెట్టాడు. తుమ్మకొమ్మ అయితే ముళ్ళకి కాలు పెట్టలేడు, పెట్టినా ఆ సన్నటి రెమ్మ వాడి బరువుకి వంగిపోయేది. తీగ అలా కాదు. ఎంత బరువైనా మోస్తుంది, కూర్చోడానికి చక్కగా ఉంటుంది.

నూకాలు అరిచింది. గొంతు చిరిగేలా అరిచింది. ఆ అరుపు చేలో పడి పోయింది. వచ్చేవాళ్ళెవరూ లేరు. తీగ ఆ చివర చినబాబు అల్లిక ఆపి చూశాడు. రెక్కలు టపటపలాడించాడు. అక్కడి నుంచి కదల్లేదు. నూకాలు ఒక్కతే కాకి వీపు మీద పడి పొడిచింది. కాటుకయ్య దోమని తోలుకున్నట్టు ఒకసారి రెక్క విదిలించి పని ముగించుకున్నాడు.

ఇంటిని వదిలేశాడు. అది ఎప్పట్లాగే కిందకి వేలాడి ఊగింది. ముక్కు తీగకేసి తుడుచుకున్నాడు.

"మావా! నువ్వేగా నాకు ఇల్లు చూపించింది! నీ నోటితోనేగా చల్లగా ఉండమన్నావు!" అని ఏడ్చింది నూకాలు.

"చూపించాను. పాము రాదన్నాను, వచ్చిందా? ఎవరూ ఇల్లు పాడుచెయ్యలేదన్నాను, చూసుకో, ఒక్క పోచ చెదిరిందా? ఒక్క అబద్ధం చెప్పానా తల్లీ?"

"నువ్వొస్తావని చెప్పలేదు కదయ్యా!"

"నువ్వు అడగలేదు కదమ్మా" అని ఎగిరిపోయాడు.

నూకాలు లోపలికి దూరింది. పరుపు ఇంకా వెచ్చగానే ఉంది. మూడు గుంటలు అలాగే ఉన్నాయి. బయటికొచ్చి పక్కనున్న పాతింట్లోకి దూరింది. అద్దంలా శుభ్రంగా ఉంది. ఇంకోదాంట్లోకి దూరింది. అదీ శుభ్రంగానే ఉంది. అప్పుడర్థమైంది దానికి. ఆ ఇళ్ళు ఎవరూ తుడిచి పెట్టినవి కావు. వాటిల్లో ఏ పిల్లా పుట్టలేదు, ఏ పిల్లా రెట్ట వెయ్యలేదు, ఏ పిల్లకీ నూగు ఊడేంత వయసు రాలేదు. ఆదెమ్మ ఇంట్లో తను ముక్కు తిప్పుకున్న కంపు ఉంది చూశారూ, అది బతికిన పిల్లల కంపు. అప్పుడా తెలివొచ్చేది! ఏం లాభం?

"నీకు తెలుసా?" అని చినబాబుని నిలదీసింది.

"నాకేం తెలుసు? నేను ఈ ఏడే కదా వచ్చింది" అన్నాడు వాడు తల వంచుకుని. వాడి కళ్ళలోనూ నీళ్ళున్నాయి. "ఇల్లు గట్టిగా అల్లితే చాలనుకున్నా."

ఆ తర్వాత నూకాలు చేసింది పిచ్చిపని. ఖాళీ ఇంట్లో, ఆ మూడు గుంటల మీద, గుడ్లున్నట్టే పొదుగుతూ కూర్చుంది. కడుపునిండా తినేది కాదు. చినబాబు గింజలు తెచ్చి గొట్టం దగ్గర పెడితే ఒకటో రెండో ముట్టి వదిలేసేది. పొలాల్లో వరి ఎదిగింది, పొట్ట మీదికి వచ్చింది. అదేదీ దాని కంటికి ఆనలేదు.

ఒకరోజు బయట కాటుకయ్య గొంతు వినబడింది.

"చూడు తల్లీ, ఎంత నెమ్మదో! పక్కింట్లో అమ్మాయి కూడా ఖాళీ చేస్తుంది ఎల్లుండో అవతలెల్లుండో. లోపల చూసుకో, అద్దంలా ఉంటుంది."

నూకాలు గొట్టంలోంచి బయటికొచ్చింది. కాకి పక్కన ఒక చిన్నపిల్ల. గవరి దాని పేరు. ఇప్పుడిప్పుడే ఈడొచ్చి ఇల్లు వెతుక్కుంటోంది.

"చెల్లీ, ఇటు రా. ఈ పాతింటి లోపల చూడు. రెట్ట ఉందా?" అంది నూకాలు.

"లేదక్కా. శుభ్రంగా ఉంది."

"ఈక ఉందా?"

"లేదు."

"పిల్లలు పెరిగిన ఇల్లు ఇలా ఉంటుందా? నేనిక్కడ మూడు గుడ్లు పెట్టాను. ఇదిగో, నీకు ఇల్లు చూపిస్తున్న ఈ పెద్దమనిషే తిన్నాడు."

"పాపం, బిడ్డలు పోయి మతి చెడింది తల్లీ, ఏదేదో అంటోంది" అన్నాడు కాటుకయ్య జాలిగా.

గవరి వాళ్ళిద్దరి మొహాలూ మార్చిమార్చి చూసింది. నూకాలు కాలువ వైపు ముక్కు చూపించింది. "కాలువ అవతలికి పో. పైడయ్య అని ఉంటాడు. ఆయన ఇల్లు ఇంకా సగంలోనే ఉంది, ఇక్కణ్ణుంచి కనబడుతూనే ఉంది నాకు. ముళ్ళు గుచ్చుకుంటాయి, చెవులు హోరెత్తిపోతాయి. పాము రాదని కూడా చెప్పడు ఆయన. అయినా అక్కడే పెట్టుకో కాపురం."

గవరి వెళ్ళిపోయింది. కాటుకయ్య నూకాలు వంక ఒక చూపు చూసి, తూముగోడ మీదికి పోయి కూర్చున్నాడు. ఆయనకి పెద్ద నష్టమేం లేదు, ఇంకో పిల్ల ఎప్పుడో వస్తుంది.

గవరితో అన్న మాటలు తన చెవినే పడ్డాక గానీ నూకాలుకి తోచలేదు, తను మాత్రం ఇంకా ఇక్కడెందుకు కూర్చుందో. ఇంకో కాన్పుకి ఒంట్లో ఓపిక ఉంది. అయినా ఆ మూడు గుంటల్ని వదిలి రావడానికి మరికొన్నాళ్ళు పట్టింది.

తుమ్మలపేటలో వాలగానే దాలినాయుడు మీదికి వచ్చాడు. "ఎవరు నువ్వు? ఏ పేట?"

నూకాలు ఈసారి ముడుచుకుపోలేదు. "తిట్టు నాయుడూ, ఎంతైనా తిట్టు. ఇల్లు కావాలని వచ్చాను" అంది.

దాలినాయుడు ఎందుకో పక్కకి తప్పుకున్నాడు.

పైడయ్య ఇల్లు నిండుగా ఉంది. గొట్టం దిగింది. లోపల గవరి గుడ్ల మీద కూర్చుని ఉంది. నూకాలుని చూసి, "అక్కా, నువ్వు చెప్పావనే వచ్చాను" అని బయటికి రాబోయింది.

"కదలకు, కదలకు! చల్లబడిపోతాయి" అంది నూకాలు గాభరాగా.

పైడయ్య వచ్చి పక్కన వాలాడు. ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే బాగుండునని నూకాలుకి అనిపించింది.

"బావా, ఇంకొకటి అల్లగలవా? చిన్నదైనా సరే. కమ్మీ వంకరగా ఉన్నా సరే."

పైడయ్య చేలోకి దిగి ఒక వరి ఆకు చీల్చుకొచ్చాడు. కొమ్మకి చుట్టబోయాడు. అది ఫటుక్కున విరిగింది. మళ్ళీ పోయి ఇంకోటి తెచ్చాడు, అదీ విరిగింది.

"ఆకు ముదిరిపోయింది నూకాలూ. ఇప్పుడిది వంగదు. ఈ ఏటికి ఇక అల్లిక లేదు" అన్నాడు.

అక్కడ కొమ్మ మీద ఆదెమ్మ రెండో కాన్పు పిల్లలు బారుగా కూర్చుని ఉన్నాయి, తోకలు మొలిచి, ఎగరడం నేర్చుకుంటూ. ఒకటి రెక్కలు విప్పి, భయపడి, మళ్ళీ ముడుచుకుని అమ్మని పిలుస్తోంది. ఆదెమ్మ పక్కకి జరిగి నూకాలుకి చోటిచ్చింది.

"ఆ రోజు లోపలికి రమ్మన్నావు అక్కా. నేను రాలేదు" అంది నూకాలు.

"పోనీలే. వచ్చే ఏడు ముందే వచ్చెయ్యి. నా పక్క కొమ్మే పట్టించి ఉంచుతాను. వచ్చే ఏడు పెడుదువుగాని గుడ్లు."

"వచ్చే ఏడు పెడతాను అక్కా. పెట్టకపోతే మనసూరుకోదు. కానీ అవి వేరే పిల్లలు. ఈ ముగ్గురూ మళ్ళీ నాకు రారు కదా" అని నూకాలు వెక్కివెక్కి ఏడ్చింది. ఆదెమ్మ దాన్ని ఊరుకోమని అనలేదు.

ఇల్లు చూడబోయినప్పుడు అక్కడ ఏది లేదో చూసి మురిసిపోవద్దు, ఎందుకు లేదో అడగండి.